స్టేట్ ఆడిన పిల్లాడు నేషనల్ లీగ్‌లో ఎందుకు కనిపించడు?

"మావాడు స్టేట్ ఆడిండు సార్, ఇక నేషనల్ లీగ్ ఎప్పుడు?" నల్లగొండలోనైనా పాలమూరు (మహబూబ్‌నగర్)లోనైనా ఫుట్‌బాల్ ఆడే పిల్లల తల్లిదండ్రులు పీఈటీలను అడిగే ప్రశ్న ఇది. అడగడంలో తప్పేం లేదు. మండలం, జిల్లా, రాష్ట్రం, ఆ తర్వాత దేశం అని మనం అన్నింటినీ ఒకే నిచ్చెనగా ఊహించుకుంటాం. ఫుట్‌బాల్‌లో అట్లా లేదు. పిల్లాడు స్టేట్ ఆడినా, స్కూల్ నేషనల్స్‌కు వెళ్లొచ్చినా, ఆ దారి జాతీయ యూత్ లీగ్ దగ్గరికి దానంతటది చేరదు. ఇవి వేర్వేరు దారులు, వేర్వేరు సంస్థల చేతుల్లో ఉన్నవి. ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చెప్పేవాళ్లు లేక, కాళ్లలో ఆట ఉన్న పిల్లలు పదిహేడేళ్లు వచ్చేసరికి బూట్లు మూలన పడేస్తున్నారు. అందుకే ఈ చిక్కుముడిని కాస్త ఓపిగ్గా విప్పాలి.

మొదటిది బడి దారి. దీన్ని నడిపేది స్కూల్ గేమ్స్ ఫెడరేషన్, అందరి నోట్లో నలిగిన పేరు ఎస్‌జీఎఫ్. అండర్-14, అండర్-17, అండర్-19 అని మూడు వయసు విభాగాలు. మండల పోటీలు, జిల్లా సెలెక్షన్స్, రాష్ట్ర పోటీలు, చివరికి జాతీయ పోటీలు. 2016లో జిల్లాలను విడగొట్టినప్పుడు ఉమ్మడి నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వేరుపడ్డాయి. ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల వేరుపడగా, 2019లో నారాయణపేట కూడా జిల్లా అయింది. స్కూల్ ఆటల్లో మాత్రం ఉమ్మడి జిల్లా పేరు ఇంకా పోలేదు. మక్తల్ పిల్లాడూ అచ్చంపేట పిల్లాడూ ఒకే జట్టులో చోటు కోసం పోటీ పడతారు.

నల్లగొండ మేకల అభినవ్ స్టేడియంలో గానీ, మహబూబ్‌నగర్ స్టేడియం గ్రౌండ్‌లో గానీ ఒక సెలెక్షన్ రోజును దగ్గర నుంచి చూస్తే విషయం బాగా అర్థమవుతుంది. పొద్దున ఫస్ట్ బస్సుకు వచ్చిన పిల్లలు చేతిలో బోనఫైడ్, ఆధార్ జిరాక్స్ పట్టుకుని వరుసలో నిలబడతారు. పేర్లు రాసుకున్నాక పదకొండు మంది చొప్పున విడగొట్టి ఓ పావుగంట ఆడిస్తారు. ఆ పావుగంటలో లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమవైపు వెనక కాపు కాసే పిల్లాడి దగ్గరికి బంతి రెండు సార్లు వస్తే గొప్ప. పొడుగ్గా ఉన్నవాడు, గట్టిగా తన్నేవాడు, అరిచి అడిగి బంతి తీసుకునేవాడు కంటపడతాడు. ఖాళీ ఎక్కడుందో ముందే చూసి మెల్లగా అటు జరిగే పిల్లాడిని ఎవరూ గమనించరు. సెలెక్టర్లను తప్పుపట్టలేం. వందమంది పిల్లలు, ఒక్క గ్రౌండ్, సాయంత్రంలోగా లిస్ట్ ఇవ్వాలి. పావుగంటలో ఎవరి ఆటనైనా అంతకంటే లోతుగా తూచడం కుదరదు.

బడి దారిలోనే ఇంకో పెద్ద పోటీ సుబ్రతో కప్. భారత వైమానిక దళానికి తొలి భారతీయ అధిపతి ఎయిర్ మార్షల్ సుబ్రతో ముఖర్జీ పేరు మీద 1960 నుంచి నడుస్తున్న టోర్నీ ఇది. దీనిలో ఆడేది ఎంపిక చేసిన జిల్లా జట్టు కాదు, ఒక బడి. ఆ తేడా చిన్నది కాదు. కలిసి చదివే, రోజూ కలిసి ఆడే పదకొండు మంది కలిసే బరిలోకి దిగుతారు. ఒక గురుకులంలో మంచి పీఈటీ ఉండి, పిల్లలు హాస్టల్‌లోనే ఉండి రోజూ సాయంత్రం ఆడుతుంటే ఈ కప్ వాళ్లకు బాగా సరిపోతుంది.

అయితే ఈ పోటీలన్నింటికీ ఒక లోటు ఉంది. ఇవి టోర్నమెంట్లు. పదహారు జట్ల నాకౌట్, అంటే ఓడితే ఇంటికే అనే పోటీ తీసుకోండి. మొత్తం 15 మ్యాచ్‌లు. మొదటి రౌండ్‌లోనే ఎనిమిది జట్లు ఇంటికి పోతాయి. అంటే ఆ ఏడాదికి సగం మంది పిల్లలు ఆడిన పెద్ద మ్యాచ్ ఒక్కటే. అదే ఎనిమిది జట్లతో లీగ్ పెట్టి, ఒక్కో జట్టు మిగతా ఏడింటితో సొంత గ్రౌండ్‌లో ఒకసారి, వాళ్ల గ్రౌండ్‌లో ఒకసారి ఆడిందనుకోండి. ఒక్కో జట్టుకు 14 మ్యాచ్‌లు. పట్టికలో అట్టడుగున ఉన్న జట్టుకూ అవే 14. ఓడిన పిల్లాడికి వారం తిరిగేలోపు ఇంకో మ్యాచ్ ఉంటుంది. పోయినసారి చేసిన పొరపాటును కోచ్ చూపిస్తాడు, ఈసారి దిద్దుకుంటాడు. పిల్లలు ఆట నేర్చుకునేది ఇట్లాగే. లీగ్ గురించి నేను ఇంత పట్టుబట్టి రాయడానికి కారణం కూడా ఈ లెక్కే.

రెండోది అసోసియేషన్ దారి. దేశంలో ఫుట్‌బాల్‌ను నడిపే ఆల్ ఇండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్, అంటే ఏఐఎఫ్ఎఫ్, 1937లో ఏర్పడింది. దాని కింద రాష్ట్ర సంఘాలు, వాటి కింద జిల్లా సంఘాలు. జిల్లా జట్ల పోటీలు చూసి తెలంగాణ ఫుట్‌బాల్ అసోసియేషన్ రాష్ట్ర జట్టును ఎంపిక చేస్తుంది. ఆ జట్టు జాతీయ ఛాంపియన్‌షిప్ ఆడుతుంది. జూనియర్ బాలురకు బీసీ రాయ్ ట్రోఫీ, సబ్ జూనియర్ బాలురకు మీర్ ఇక్బాల్ హుస్సేన్ ట్రోఫీ. ఈమధ్య వీటిని టైర్-1, టైర్-2 అని రెండు అంచెలు చేశారు. కింది అంచెలో బాగా ఆడిన రాష్ట్రం పైకి వస్తుంది, పైఅంచెలో తేలిపోయిన రాష్ట్రం కిందికి పోతుంది. పెద్దల్లో సంతోష్ ట్రోఫీ కూడా ఇట్లా రాష్ట్ర జట్ల పోటీనే. 2024 డిసెంబర్‌లో దాని చివరి దశ హైదరాబాద్‌లో జరిగింది, గచ్చిబౌలి ఫైనల్‌లో కేరళను ఓడించి పశ్చిమ బెంగాల్ కప్పు ఎత్తుకెళ్లింది.

రాష్ట్ర జెర్సీ వేసుకోవడం గొప్పే. సర్టిఫికెట్ కాలేజీ సీట్లలో, స్పోర్ట్స్ కోటాలో పనికొస్తుంది. అయితే రాష్ట్ర జట్టు కొన్ని వారాల జట్టు. క్యాంప్ పెడతారు, వెళ్తారు, ఆడతారు, వచ్చేస్తారు. రైలు దిగాక ఎవరి ఊరికి వాళ్లు. ఆ పిల్లాడు మళ్లీ తన బడి గ్రౌండ్‌లో వాలీబాల్ నెట్ పక్కన ఒంటరిగా బంతి తన్నుకోవాల్సిందే.

మూడో దారి

ఇక లీగ్. దీన్ని నడిపేది కూడా ఏఐఎఫ్ఎఫ్, కానీ ఇందులో ఆడేది జిల్లా కాదు, రాష్ట్రం కాదు, బడి కూడా కాదు. క్లబ్బులు, అకాడమీలు మాత్రమే. మన ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. లీగ్‌కు ఆటగాళ్లను ఎంపిక చేసే జాతీయ సెలెక్షన్ అంటూ ఎక్కడా ఉండదు. ఒక క్లబ్ లీగ్‌లో చేరుతుంది, తన పిల్లలను తనే ఎంచుకుంటుంది. ఆ క్లబ్‌లో లేని పిల్లాడు ఎంత బాగా ఆడినా లీగ్‌కు కనిపించడు.

లీగ్‌లో వయసును బట్టి అంచెలున్నాయి. చిన్నవాళ్లకు సబ్ జూనియర్ లీగ్, ఆపైన జూనియర్ లీగ్, అన్నిటికంటే పైన ఎలీట్ యూత్ లీగ్. వీటి పేర్లూ వయసు హద్దులూ ఏళ్ల మీద చాలాసార్లు మారాయి. ఒకప్పుడు పెద్దల క్లబ్ లీగ్ అయిన ఐ-లీగ్ పేరుతోనే అండర్-19, అండర్-18 అని ఉండేది. మన దేశం 2017లో అండర్-17 ప్రపంచకప్‌కు ఆతిథ్యం ఇచ్చింది కదా, ఆ సన్నాహాల కాలంలో చిన్న వయసు లీగ్‌ల మీద దృష్టి పెరిగింది. అందుకే పేపర్లో పేరు చూసి గందరగోళ పడకుండా, ఆ సీజన్‌కు ఏ సంవత్సరంలో, ఆ తర్వాత పుట్టిన పిల్లలు అర్హులో అదొక్కటి చూసుకుంటే చాలు.

ఎవరు చేరవచ్చు? ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్), ఐ-లీగ్ లాంటి పైస్థాయి పెద్దల లీగ్‌లు ఆడే క్లబ్బులకు యూత్ జట్లు ఉండి తీరాలి. ఆసియా సమాఖ్య ఏఎఫ్‌సీ క్లబ్ లైసెన్స్ నిబంధనల్లోనే ఆ షరతు ఉంది. వీటి పక్కన ఏఐఎఫ్ఎఫ్ గుర్తింపు పొందిన అకాడమీలు. ఫెడరేషన్ అకాడమీలను పరిశీలించి స్టార్ రేటింగ్ ఇస్తుంది. అన్నిటికంటే పైన ఎలీట్, దాని కింద త్రీ స్టార్, టూ స్టార్, వన్ స్టార్. గ్రౌండ్ సొంతమా అద్దెదా, కోచ్‌లకు ఏ లైసెన్స్ ఉంది, ఎన్ని వయసు విభాగాల్లో జట్లున్నాయి, పిల్లల చదువు, భోజనం, వైద్యం ఎట్లా చూస్తున్నారు, పిల్లల రక్షణకు ఏం ఏర్పాట్లున్నాయి, ఇవన్నీ తూకంలోకి వస్తాయి. ఊరి మెయిన్ రోడ్డు మీద "ఫుట్‌బాల్ అకాడమీ" అని ఫ్లెక్సీ కట్టినంత మాత్రాన అది లీగ్ ఆడే అకాడమీ అయిపోదు. మా దగ్గరి పిల్లాడొకడు నగరంలో ఒక అకాడమీకి ఫీజు కట్టి చాలాకాలం ఉన్నాడు. వాళ్లకు ఆ రేటింగే లేదు. ఏడాదంతా ఫ్రెండ్లీలు, అంటే ఏ లీగ్‌లోనూ లెక్కకు రాని మ్యాచ్‌లు ఆడించారు, పిల్లాడు తను లీగ్ ఆడుతున్నాననే అనుకున్నాడు. చేర్పించే ముందు తల్లిదండ్రులు అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఈ సీజన్‌కు మీ అకాడమీ రేటింగ్ ఏంటి, ఏ వయసు లీగ్‌లో ఆడుతున్నారు?

లీగ్ నడిచే తీరు కొంచెం వేరు. మన దేశం సైజుకు మిజోరంలోని ఐజ్వాల్ పిల్లలను ప్రతి వారం కొచ్చికి పంపడం అయ్యే పని కాదు. బడి, పరీక్షలు, ఖర్చు, అన్నీ అడ్డమే. అందుకే జట్లను ప్రాంతాల వారీగా గ్రూపులు చేస్తారు. ఏ ఏడాది ఎన్ని జట్లు వచ్చాయి, ఎక్కడివి వచ్చాయి అన్నదాన్ని బట్టి గ్రూపులు మారతాయి. గ్రూపులోని జట్లన్నీ ఒకదానితో ఒకటి ఆడతాయి. గెలిస్తే మూడు పాయింట్లు, డ్రా అయితే ఒకటి. గ్రూపులో ముందు నిలిచినవాళ్లు తర్వాతి దశకు వెళ్తారు, ఆ చివరి దశను ఒకే చోట పెట్టి దేశం నలుమూలల జట్లను అక్కడికి పిలుస్తారు. ఇందులో ఒక చేదు నిజం ఉంది. బలమైన జట్లు, ఎక్కువ జట్లు ఉన్న ప్రాంతంలో పిల్లలకు ఎక్కువ మ్యాచ్‌లు, గట్టి మ్యాచ్‌లు దొరుకుతాయి. జట్లు తక్కువ ఉన్నచోట అదే పేరున్న లీగ్ నాలుగైదు మ్యాచ్‌లకే ముగిసిపోవచ్చు. జాతీయ లీగ్ అని పేరు ఒకటే ఉన్నా పిల్లాడికి దొరికే ఆట ఊరిని బట్టి మారుతుంది.

మ్యాచ్ రోజు పద్ధతులు పెద్దల లీగ్‌లాగే ఉంటాయి. మ్యాచ్ సరిగా నడిచేలా చూసే అధికారి, అంటే మ్యాచ్ కమిషనర్ ఉంటాడు, గ్రౌండ్ పక్కన అంబులెన్స్ ఉండాలి, ఆటకు ముందు పేర్ల జాబితాను, ఫొటో ఉన్న కార్డులను ముఖాలతో పోల్చి చూస్తారు. చిన్న పిల్లల కోసం ఆట నియమాలను కొంత సడలించుకునే వీలు ఉంది: గ్రౌండ్ కొలత, గోల్‌పోస్ట్ వెడల్పు, ఆట నిడివి, బయటికి వెళ్లిన ఆటగాడు మళ్లీ లోపలికి రావడం లాంటివి. బంతి కూడా. పెద్దలు ఆడే ఐదో నంబర్ బంతి చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, పిల్లల నాలుగో నంబర్ బంతి 63.5 నుంచి 66. మన బడుల్లో పదేళ్ల పిల్లలకు కూడా ఐదో నంబర్ బంతే ఇస్తారు, స్టోర్ రూంలో ఉన్నది అదే కాబట్టి. ఆ కాళ్లకు అది బరువు. పాస్ ఇవ్వాల్సిన చోట కూడా పిల్లలు బలమంతా పెట్టి తన్నడం అక్కడే అలవాటవుతుంది.

వయసు అనే పెద్ద గొడవ

యూత్ ఫుట్‌బాల్‌లో అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టేది వయసు. ఫుట్‌బాల్‌లో వయసు విభాగానికి హద్దు జనవరి 1. ఒకే సంవత్సరం జనవరిలో పుట్టినవాడూ డిసెంబర్‌లో పుట్టినవాడూ ఒకే విభాగం. పన్నెండేళ్ల వయసులో పదకొండు నెలల తేడా అంటే ఎముక బలంలో, ఎత్తులో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ప్రపంచమంతటా యూత్ జట్లలో ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్లు ఎక్కువగా ఉండడానికి కారణం ఇదే. కోచ్ ప్రతిభ అనుకుని ఎంచుకున్నది చాలాసార్లు కొన్ని నెలల వయసు.

మన దగ్గర దీనికి ఇంకో మెలిక ఉంది. దేవరకొండ, అచ్చంపేట వైపు తండాల్లో, మారుమూల పల్లెల్లో పుట్టిన పిల్లలు చాలామందికి పుట్టినప్పుడు రిజిస్ట్రేషన్ జరగలేదు. బడిలో చేర్పించిన రోజున సారు ఓ తేదీ రాస్తారు. చాలా రిజిస్టర్లలో అది జూన్ నెలే. బడులు తెరిచే నెల కదా, ఐదేళ్లు నిండినట్టు లెక్క కుదరాలి. ఆ తేదీయే ఆధార్‌లోకి ఎక్కింది, పదో తరగతి మెమోలోకి ఎక్కుతుంది. ఇందులో ఎవరి మోసమూ లేదు. కానీ ఆ పిల్లాడు లీగ్ ట్రయల్స్‌కు వెళ్లినప్పుడు పుట్టిన సర్టిఫికెట్ అడుగుతారు. చట్టం ప్రకారం పుట్టిన 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. ఏడాది దాటితే ఆర్డీఓ ఉత్తర్వు దాకా వెళ్లాలి. ఆలస్యంగా తీసుకున్న సర్టిఫికెట్ మీద ఆటల సంఘాలకు అనుమానం సహజం, ఎందుకంటే వయసు తగ్గించడానికి కొందరు వాడేదీ ఈ దారే. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టినవాళ్లకైతే బడి ప్రవేశం, పాస్‌పోర్ట్ లాంటి పనుల్లో పుట్టిన తేదీకి బర్త్ సర్టిఫికెట్ తప్ప వేరే ఆధారం చెల్లదు. ఈ రోజు అంగన్‌వాడీలో ఉన్న పిల్లలు గ్రౌండ్‌లోకి వచ్చేసరికి ఈ గొడవ కొంత తగ్గొచ్చు.

కాగితం మీద నమ్మకం లేనప్పుడు ఎముకను అడుగుతారు. టీడబ్ల్యూ-3 అనే పద్ధతిలో ఎడమ చేతికి, మణికట్టుకు ఎక్స్‌రే తీసి, అక్కడి చిన్న ఎముకలు ఎంత పెరిగాయో, ఎంత అతుక్కున్నాయో చూసి ఎముక వయసు అంచనా వేస్తారు. అబ్బాయిల్లో పదహారున్నర, అమ్మాయిల్లో పదిహేను దాటితే ఈ పద్ధతి పని చేయదు, అప్పటికి ఎముకలు పూర్తిగా పెరిగిపోయినట్టే లెక్క. అండర్-17 ప్రపంచకప్‌లో ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా 2009 నుంచి మణికట్టుకు ఎంఆర్ఐ తీస్తోంది.

ఈ పరీక్ష అవసరమే. పదిహేనేళ్ల పిల్లాడి ముందు పద్దెనిమిదేళ్లవాడిని నిలబెడితే ఆ మ్యాచ్‌కు అర్థం లేదు, దెబ్బలు తగిలే ప్రమాదం కూడా. కానీ ఎముక వయసు అంచనా మాత్రమే. తిండి సరిగా లేని పిల్లలకు ఎముక ఆలస్యంగా ఎదగొచ్చు, కొందరికి తొందరగా ఎదుగుతుంది. నిజమైన కాగితాలున్న పిల్లాడు కూడా ఎక్స్‌రేలో ఓడిపోవచ్చు. అప్పుడు అతన్ని దొంగలా చూడకుండా, పైవయసు విభాగంలో ఆడుకోవడానికి దారి చూపించాలి. గ్రౌండ్ బయట కూర్చోబెట్టి ఏడిపించే హక్కు ఎవరికీ లేదు.

సంతకం పెట్టే ముందు

లీగ్ ఆడే ప్రతి పిల్లాడినీ ఏఐఎఫ్ఎఫ్ ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ వ్యవస్థలో ఒక క్లబ్ పేరు మీద నమోదు చేస్తారు. పేరు, ఫొటో, పుట్టిన తేదీ, ఐడీ. ఒకసారి ఎక్కిన తేదీ జీవితాంతం వెంట వస్తుంది, కాబట్టి మొదటిసారే సరిగ్గా రాయించాలి. ఒక సమయంలో ఒకే క్లబ్. మారాలంటే బదిలీ ప్రక్రియ ఉంటుంది. ఫిఫా నిబంధనల ప్రకారం ఒక సీజన్‌లో ఎక్కువలో ఎక్కువ మూడు క్లబ్బుల్లో నమోదు కావచ్చు, అధికారిక మ్యాచ్‌లు మాత్రం రెండు క్లబ్బులకే. పద్దెనిమిదేళ్లు నిండనివాడితో ప్రొఫెషనల్ కాంట్రాక్ట్ మూడేళ్లకు మించి ఉండకూడదు. "ఐదేళ్ల అగ్రిమెంట్" అని ఎవరైనా కాగితం పెడితే తండ్రి సంతకం చేయకుండా లేచి రావడమే మేలు. పద్దెనిమిదిలోపు పిల్లలను కొన్ని మినహాయింపులు తప్ప విదేశీ క్లబ్బుకు బదిలీ చేయడం కుదరదు. "స్పెయిన్ తీసుకెళ్తాం, డబ్బు కట్టండి" అనేవాళ్ల మాట వినే ముందు ఈ ఒక్క నియమం గుర్తుంచుకోవాలి.

నమోదుకు ఇంకో ముఖ్యమైన కోణం ఉంది, అది మన పల్లె కోచ్‌లకు సంబంధించింది. ఒక ఆటగాడు పెద్దయ్యాక డబ్బు తీసుకుని వేరే దేశపు క్లబ్బుకు మారితే, ఆ మొత్తంలో 5 శాతం అతన్ని 12 నుంచి 23 ఏళ్ల మధ్య తయారు చేసిన క్లబ్బులన్నింటికీ పంచాలని ఫిఫా నియమం. 12 నుంచి 15 వరకు ఒక్కో ఏడాదికి బదిలీ సొమ్ములో 0.25 శాతం, 16 నుంచి 23 వరకు ఒక్కో ఏడాదికి 0.5 శాతం. కోటి రూపాయల బదిలీ జరిగితే, 12 నుంచి 15 వరకు నాలుగేళ్లు ఆడించిన క్లబ్బుకు లక్ష వస్తుంది. పల్లెటూరి క్లబ్బుకు అది ఏడాది బంతులు, బూట్లు, బస్సు ఖర్చు. కానీ ఆ నాలుగేళ్లు పిల్లాడు ఏ క్లబ్ పేరు మీదా నమోదు కాకపోతే రికార్డులో ఆ గడులు ఖాళీ. ఏడో తరగతి నుంచి పదో తరగతి దాకా తెల్లవారుజామున లేచి ఆడించిన సర్కారు బడి పీఈటీ శ్రమ ఈ లెక్కలో ఎక్కడా కనిపించదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

యూత్ లీగ్ దాటాక ఏముంది? క్లబ్బుల కుర్రాళ్ల జట్ల కోసం 2022లో మొదలైన రిలయన్స్ ఫౌండేషన్ డెవలప్‌మెంట్ లీగ్ ఉంది. తొలి ఏడాది గోవాలో ఎనిమిది జట్లతో జరిగింది, బెంగళూరు ఎఫ్‌సీ గెలిచింది. ఆ ఏడాదే బెంగళూరు, కేరళ బ్లాస్టర్స్ కుర్రాళ్లు ఇంగ్లండ్ వెళ్లి అక్కడి ప్రీమియర్ లీగ్ క్లబ్బుల యూత్ జట్లతో ఆడొచ్చారు. అంతకుముందు ఫెడరేషన్ 2010 నుంచి 2013 దాకా, మళ్లీ 2017 నుంచి ఆరోస్ పేరుతో ఎంపిక చేసిన కుర్రాళ్ల జట్టును ఐ-లీగ్‌లో పెద్దల మధ్య ఆడించింది, 2022లో దాన్ని ఆపేసింది. గుప్పెడు మందిని ఒకచోట చేర్చి సానబెట్టడం కంటే వేల మందిని ప్రతి వారం ఆడించడమే సరైన దారి అని నా నమ్మకం.

అమ్మాయిలకు కూడా దారులు తెరుచుకుంటున్నాయి. కేంద్ర ప్రభుత్వ క్రీడా పథకం ఖేలో ఇండియాతో కలిసి అస్మిత పేరుతో బాలికల వయసు విభాగాల లీగ్‌లు నడుస్తున్నాయి. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత జట్టుకు ఆడింది, క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ మహిళల జట్టులో చేరింది. మన దేవరకొండ తండాల్లోని అమ్మాయిలకు ఆ పేరు చెప్పండి, వాళ్ల కళ్లు వేరేగా వెలుగుతాయి.

మరి మన సంగతి?

తెలంగాణ నుంచి జాతీయ స్థాయిలో వినిపించే క్లబ్బుల పేర్లు హైదరాబాద్ చుట్టుపక్కలవే. మొయినాబాద్ మండలం అజీజ్‌నగర్‌లో సొంత గ్రౌండ్ ఉన్న శ్రీనిధి దక్కన్ ఒకటి. 2019లో పుట్టి 2021–22లో ఐఎస్ఎల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ రెండోది, అది 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. క్లబ్ ఊరు విడిచిపోతే దాని యూత్ జట్టు మీద ఆశ పెట్టుకున్న పిల్లల దారి కూడా మూసుకుపోతుంది.

చరిత్ర చూసినా క్లబ్ ఫుట్‌బాల్ నగరం దాటి రాలేదు. బడి పంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా బొంబాయిలో జరిగే పేరున్న టోర్నీ రోవర్స్ కప్‌ను వరుసగా ఐదుసార్లు గెలిచింది. ఆయన కోచ్‌గా భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. హైదరాబాద్ లీగ్‌కు ఇప్పటికీ ఆయన పేరే. ఆ వెలుగంతా జంట నగరాల్లో, పోలీసు మైదానాల్లో, కంటోన్మెంట్ వాడల్లో ఉండిపోయింది. వంద కిలోమీటర్ల దూరంలోని నల్లగొండకు, అంతే దూరంలోని పాలమూరుకు ఆటగా వచ్చింది గానీ క్లబ్బుగా రాలేదు. మన దగ్గర ఫుట్‌బాల్ ఇంకా బడి ఆటే. బడి అయిపోతే ఆట అయిపోతుంది.

హైదరాబాద్ అకాడమీలో చేరమనడం అందరికీ సలహా కాదు. హాస్టల్ ఫీజు, కొత్త బడి, మార్చిలో పదో తరగతి పరీక్షలు, పదకొండేళ్ల పిల్లాడిని వదిలి ఉండలేని తల్లి. కొద్దిమందికే అది వీలవుతుంది. మిగతావాళ్లకు ఇక్కడే మ్యాచ్‌లు దొరకాలి. దానికి మొదట కావాల్సింది స్టేడియం కాదు, రిజిస్టరైన క్లబ్. ఊళ్లో నలుగురు పెద్దలు, ఒక రిటైర్డ్ పీఈటీ కలిసి సొసైటీగా నమోదు చేసి, జిల్లా సంఘం ద్వారా రాష్ట్ర సంఘంలో చేర్పించవచ్చు. ఆ తర్వాత కోచ్. కోచింగ్ లైసెన్సుల్లో ఏఐఎఫ్ఎఫ్ డి లైసెన్స్ మొదటి మెట్టు, దానిపైన ఏఎఫ్‌సీ సి, బి, ఎ, ప్రో. మన కాలేజీల్లో ఆడి వదిలేసిన కుర్రాళ్లలో ఇద్దరు ముగ్గురు డి లైసెన్స్ చేసినా ఒక ఊరికి చాలు. చిన్న పిల్లలకైతే నాలుగు నుంచి పన్నెండేళ్ల వయసు కోసం ఏఐఎఫ్ఎఫ్ బ్లూ కబ్స్ కార్యక్రమం ఉంది. గోల్డెన్ బేబీ లీగ్ పేరుతో 2018లో మొదలైన ఆలోచనకు కొనసాగింపే అది. చిన్న గ్రౌండ్, తక్కువ మంది, ఎక్కువ ఆట.

లీగ్ పెట్టడానికి లెక్క కూడా పెద్దదేం కాదు. నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, నకిరేకల్, సూర్యాపేట, కోదాడ. ఆరు ఊళ్లు, ఆరు అండర్-13 జట్లు. ఒక్కో జట్టు మిగతా ఐదింటితో రెండేసి సార్లు ఆడితే మొత్తం 30 మ్యాచ్‌లు. ఆదివారానికి మూడు మ్యాచ్‌లు చొప్పున పది ఆదివారాలు. పిల్లల మ్యాచ్ నిడివి తక్కువ కాబట్టి మూడూ ఒకే గ్రౌండ్‌లో పొద్దున పూటే అయిపోతాయి. దసరా సెలవులు కాగానే మొదలుపెడితే సంక్రాంతిలోపు ముగుస్తుంది, వార్షిక పరీక్షలకు అడ్డం రాదు. పాలమూరు వైపు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, నారాయణపేట, జడ్చర్ల, మహబూబ్‌నగర్‌తో ఇదే లెక్క వేసుకోవచ్చు. మొదటి ఏడాది నుంచే పిల్లల పేర్లు ఆన్‌లైన్‌లో క్లబ్ పేరు మీద ఎక్కించాలి, బర్త్ సర్టిఫికెట్ లేనివాళ్ల కోసం సీజన్ మొదలుకాకముందే ఆర్డీఓ ఆఫీసుకు అర్జీ పెట్టాలి. ఈ రెండు పనులూ వర్షాకాలంలోనే చేసుకోవచ్చు.